ఇంకా నయం... మోర్ బెటర్!

మన ఫెస్టు పోస్టరు మీద ఈసారి మూడు మాటలు పెద్దక్షరాల్లో వేశారు: బిగ్గర్, బెటర్, ఫన్నర్. మొదటి రెండిటి జోలికి ఎవరూ పోలేదు. మూడోదాని మీద మాత్రం గ్రూపులో రెండు రోజులు యుద్ధం నడిచింది. అలాంటి మాటే ఇంగ్లీషులో లేదని కొందరు, ఉంది గానీ ఎన్ ఒకటే ఉండాలని కొందరు, 'మోర్ ఫన్' అనాలని ఇంకొందరు. చివరికి "భాష సంగతి కదా, తెలుగు క్లబ్బు వాళ్లనే అడగండి" అని మా నెత్తిన పెట్టారు. ఇంగ్లీషు మాట మీద తెలుగు క్లబ్బు తీర్పేంటని ముందు నవ్వుకున్నాం. తీరా తవ్వుతూ పోతే ఆ దారి మన తెలుగులోకే వచ్చి తేలింది. అందుకే ఇంత వ్యాసం.

ఎన్ ఒకటా, రెండా?

ముందు స్పెల్లింగు తేల్చేద్దాం. రెండు ఎన్‌లే. ఒకే అక్షరాంశం ఉన్న మాట చివర హల్లు-అచ్చు-హల్లు వరసలో ఉంటే, 'ఈ-ఆర్' చేర్చేటప్పుడు చివరి హల్లుని రెండుసార్లు రాస్తారు. బిగ్ నుంచి బిగ్గర్, హాట్ నుంచి హాటర్, థిన్ నుంచి థిన్నర్ అలా వచ్చినవే. ఫన్ కూడా అదే అచ్చులో పోసిన మాట కాబట్టి దానికీ అదే రూలు.

ఆ రెండో అక్షరం పలకడానికి కాదు, ముందున్న అచ్చుకి కాపలా కాయడానికి. డిన్నర్‌లో ఒక ఎన్ తీసేస్తే అది డైనర్ అయిపోతుంది, అంటే భోజనం కాస్తా భోంచేసేవాడైపోతుంది. అలాగే ఫన్నర్‌లో ఒక ఎన్ తీసేస్తే చూసినవాడు దాన్ని ట్యూనర్ లాగా 'ఫ్యూనర్' అని చదివే ప్రమాదం ఉంది.

మనకీ వాళ్లకీ తేడా ఇక్కడే. తెలుగులో ద్విత్వం రాస్తే పలికి తీరాలి. కల వేరు, కల్ల వేరు. గడి వేరు, గడ్డి వేరు. అందుకే ఇంగ్లీషులో రెండక్షరాలు కనపడగానే మనం నిజాయితీగా రెండూ పలికేస్తాం: సమ్మర్, డిన్నర్, రన్నర్. ఇంగ్లీషు వాళ్లు అక్కడ ఒక్క మకారం, ఒక్క నకారమే పలుకుతారు. వాళ్ల స్పెల్లింగుని మన లిపి ధర్మంతో చదివితే పుట్టే యాస ఇది.

ఇంకో మాట. ఫన్నర్ వేరు, ఫన్నియర్ వేరు. ఫన్నీ అంటే నవ్వు తెప్పించేది. దాని చివరి వై కాస్తా ఐగా మారి 'ఈ-ఆర్' చేరితే ఫన్నియర్. కంఫీ నుంచి కంఫియర్ వచ్చిన పద్ధతీ అదే. ఫన్ అంటే సరదా. ఎన్‌సీసీ క్యాంపు ఫన్ కావచ్చు, ఫన్నీ కాకపోవచ్చు.

ఫన్ పుట్టుక

1755లో శామ్యూల్ జాన్సన్ అచ్చు వేసిన ఇంగ్లీషు నిఘంటువులో ఫన్‌కి చోటు దొరికింది గానీ మర్యాద దొరకలేదు. అది నీచమైన వాడుక మాట అని ఆయన ముద్ర వేశాడు. అంతకుముందు ఆ మాటకి మోసం, టోకరా అనే అర్థం ఉండేది. 'ఎవరినన్నా బోల్తా కొట్టించడం' నుంచి 'అలా కొట్టించి నవ్వుకోవడం'లోకి, అక్కణ్ణుంచి మామూలు సరదాలోకి వచ్చింది.

అప్పుడది నామవాచకం. నామవాచకానికి 'ఈ-ఆర్' తగిలించి తరతమాలు చెప్పడం కుదరదు. బస్సు నుంచి 'బస్సర్' రాదు కదా. మరి ఫన్‌కి ఎలా కుదిరింది? బస్ ట్రిప్, కాలేజ్ ట్రిప్ అన్నట్టే ఫన్ ట్రిప్ అన్నారు. బస్ ట్రిప్‌లో బస్సు పేరే అని వినేవాడికి తెలుస్తుంది. ఫన్ ట్రిప్‌లో మాత్రం గుడ్ ట్రిప్, లాంగ్ ట్రిప్ లాగా ఫన్ కూడా విశేషణమేనేమో అనిపిస్తుంది. అలా విన్న తరం పెరిగి పెద్దదై 'సో ఫన్', 'వెరీ ఫన్' అనడం మొదలుపెట్టింది. ఒకసారి విశేషణం అయ్యాక చిన్న విశేషణాలన్నిటికీ వర్తించే రూలు దీనికీ వర్తించాలిగా? ఫన్, ఫన్నర్, ఫన్నెస్ట్. చూస్తే ఇది రూలు తప్పిన మాట కాదు, రూలు తూచా తప్పకుండా పాటించిన మాట.

2008 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీ తన ఐపాడ్ టచ్‌ని 'ఫన్నెస్ట్ ఐపాడ్' అని ప్రచారం చేసింది. నిఘంటువులు కూడా ఈ రూపాల్ని ఒప్పుకుంటున్నాయి, ఎటొచ్చీ ఇవి వాడుక భాషకి చెందినవి అంటాయి. కాబట్టి తీర్పు: పోస్టరు మీద ఫన్నర్ ఉండొచ్చు. ప్రాజెక్టు రిపోర్టులో, ఉద్యోగం దరఖాస్తులో వద్దు.

మరి 'మోర్ బెటర్' సంగతి?

నా బెంచ్‌మేట్ ఒకడున్నాడు. ఊరు జి.కొండూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ల్యాబ్ ఎగ్జామ్ ముందు రోజు రాత్రి హాస్టల్లో సగంమంది వాడి చుట్టూనే కూర్చుంటారు. ఏ సర్క్యూట్ ఎందుకు పనిచేయట్లేదో బోర్డు చూసి చెప్పగలడు. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో ఒకసారి గ్రూప్ డిస్కషన్ పెట్టారు. వీడియో పాఠాల కంటే ల్యాబులో చేత్తో చేసి నేర్చుకోవడం మేలని చెప్తూ వాడు 'మోర్ బెటర్' అన్నాడు. శిక్షణ ఇచ్చేవారు అక్కడే ఆపి, ఆ రెండు మాటల్నీ సాగదీసి రెండుసార్లు పలికారు. క్లాసంతా నవ్వింది. వాడు చెప్పిన పాయింటు ఏంటో ఎవరికీ గుర్తులేదు. ఆ తర్వాత మూడు వారాలు గ్రూప్ డిస్కషన్‌లో వాడు నోరు విప్పలేదు.

బెటర్‌లోనే 'ఎక్కువ' ఉంది కాబట్టి పైన మళ్లీ మోర్ అక్కర్లేదు, నేటి ఇంగ్లీషులో అది తప్పే. ఆ విషయంలో నాకు పేచీ లేదు. కానీ ఆ తప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది? తెలివి తక్కువై వస్తుందా? కాదు. వాడి తెలుగు వ్యాకరణం సరిగ్గా పనిచేయడం వల్ల వస్తుంది.

కంటే అంటే 'చూస్తే'

"కొండపల్లి బొమ్మ కంటే ఏటికొప్పాక బొమ్మ నున్నగా ఉంటుంది." ఈ వాక్యంలో నున్నగా అన్న మాటకి ఏ తోకా తగల్లేదు. ఒక్క బొమ్మ గురించి చెప్పినా నున్నగానే, రెండిటిని పోల్చినా నున్నగానే. పోలిక భారమంతా కంటే మోసింది.

'వలనన్, కంటెన్, పట్టి' పంచమీ విభక్తి అని చిన్నప్పుడు అందరం వల్లె వేశాం. ఆ కంటెన్ ఎక్కడిదో చూడండి. అను నుంచి అంటే, విను నుంచి వింటే, తిను నుంచి తింటే, కొను నుంచి కొంటే. అదే వరసలో కను నుంచి కంటే. కనడం అంటే చూడటం. కన్నా కూడా ఆ ఇంటిదే: అన్న, విన్న, తిన్న, కన్న. అంటే పై వాక్యం అసలు అర్థం, 'కొండపల్లి బొమ్మని చూస్తే, ఏటికొప్పాక బొమ్మ నున్న'. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి ఒకసారి అటు చూడు, ఇటు చూడు అనడమే మన తరతమం. తమిళంలో కూడా ఈ పనికి 'పార్క్కిలుం' అనే మాట ఉంది. పార్ అంటే చూడు. వాళ్లూ చూసే పోలుస్తారు.

అచ్చులో కంటె అని హ్రస్వం, కంటే అని దీర్ఘం రెండూ కనపడతాయి. పాత పుస్తకాలు కంటె అంటాయి, మన నోళ్లు కంటే అంటాయి. మా వైపు 'మీద' కూడా నడుస్తుంది. జ్వరం వచ్చినవాణ్ణి ఎలా ఉందిరా అంటే "నిన్నటి మీద నయం" అంటాడు.

రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాస్తూ ఈ సంగతే గమనించాడు. ఈ కుటుంబంలో విశేషణానికి తోక తగిలించి తరతమాలు చెప్పే పద్ధతి లేదు. మన భాషలో విశేషణం స్కేలు మీద గీతలా కదలకుండా ఉంటుంది. కొలిచే పని పక్కనున్న మాటలది: కంటే, ఇంకా, చాలా, మరీ.

ఇప్పుడు నయం అన్న మాట తీసుకోండి. జి.కొండూరు సెంటర్లో నిలబడ్డవాడు "ఎక్స్‌ప్రెస్ కంటే పల్లెవెలుగు నయం, చెయ్యెత్తితే ఆగుద్ది" అంటాడు. ఇక్కడ నయం అంటే అచ్చంగా బెటర్. మైలవరం బస్సు కళ్లముందే వెళ్లిపోయి, వెనకే తిరువూరు బస్సు వస్తే ఏమంటాం? "ఇంకా నయం!" అంటాం. ఆ రెండు మాటల్నీ విడివిడిగా ఇంగ్లీషులో పెట్టి చూడండి. ఇంకా అంటే మోర్, నయం అంటే బెటర్. తరతరాలుగా మన అమ్మమ్మలు రోజుకి పదిసార్లు అంటున్న మాటనే వాడు ఇంగ్లీషులో అన్నాడు.

బెటర్ మన భాషలోకి వచ్చి నయం పక్క సీట్లో కూర్చుంది. "కొంచెం బెటర్", "చాలా బెటర్", "దీనికంటే అదే బెటరు". చివర ఉకారం కూడా తగిలించి మన మాటని చేసేసుకున్నాం. దాని చివరి 'ఈ-ఆర్'లో కొలత దాగి ఉందని తెలుగు చెవికి వినపడదు. వినపడనప్పుడు, కొలత కోసం బయట మోర్ పెట్టడం సహజం.

సంస్కృతానికీ ఇదే చేశాం

ఇది ఇంగ్లీషు విషయంలోనే చేశామా? కాదు. సంస్కృతంలో తరతమాలకి తోకలు ఉన్నాయి. తర అంటే రెండిట్లో ఎక్కువ, తమ అంటే అన్నిట్లో ఎక్కువ. ఆ రెండు తోకల్ని కలిపి పుట్టిన మాటే తారతమ్యం. తోకల్ని తెచ్చుకుని వాటితో ఒక నామవాచకమే చేసుకున్నాం!

ఉత్తమ అంటేనే అన్నిటికంటే పైది. మరి 'అత్యుత్తమ నటుడు' అని అవార్డు ఇస్తే? లెక్క ప్రకారం అది 'మోస్ట్ బెస్ట్'. ఉత్తమోత్తముడు అంటే 'బెస్ట్ బెస్ట్'. ఎవరన్నా నవ్వారా? స్టేజీ ఎక్కి శాలువా కప్పారు.

సంస్కృతంలో ఇంకో జత తోకలున్నాయి: ఈయస్, ఇష్ఠ. గురువు అంటే బరువైనది; మరింత బరువైతే గరీయస్, అన్నిట్లో బరువైతే గరిష్ఠ. చిన్నప్పటి లెక్కల పుస్తకం గుర్తుందా? గరిష్ఠ సామాన్య భాజకం, కనిష్ఠ సామాన్య గుణిజం. ఆ ఇష్ఠకీ ఇంగ్లీషు బిగ్గెస్ట్‌లోని 'ఎస్ట్'కీ మూలం ఒకటే, రెండూ ఒకే ఇండో-యూరోపియన్ ప్రత్యయం నుంచి దిగాయి. బిగ్గర్‌లోని 'ఈ-ఆర్' కూడా ఈయస్‌కి దూరపు చుట్టమే. అందుకే గరిష్ఠ అని ఠకారంతో రాయాలి. పేపర్లలో, నోటీసు బోర్డుల మీద గరిష్ట అని టకారం కనపడితే అది స్పెల్లింగు తప్పు. ఫన్నర్‌లో ఎన్ లెక్కపెట్టినవాళ్లు దీన్నీ ఒకసారి లెక్కపెట్టాలి.

'కనీసం 75 శాతం హాజరు' అని మనల్ని హడలగొట్టే కనీసం కూడా కనీయస్ నుంచి వచ్చినదే. అందులో తక్కువ అనే కొలత ముందే ఉంది. అయినా మనం 'కనీసంలో కనీసం' అంటాం. పాత అతిథి దగ్గర ఏ మర్యాద పాటించామో కొత్త అతిథి దగ్గరా అదే పాటిస్తున్నాం. మాటని లోపలికి రానిస్తాం, దాని కొలబద్దని గుమ్మం బయట వదిలేయమంటాం, మన కొలబద్ద మనం వాడుకుంటాం.

ఇంగ్లీషు వాళ్ల ఇంట్లో

పోనీ ఇంగ్లీషు వాళ్లు ఈ పని చేయలేదా అంటే, బోలెడు చేశారు. నియర్ అన్న మాటే పాత ఇంగ్లీషులో 'మరింత దగ్గర' అని అర్థం. దగ్గర అంటే నై, మరింత దగ్గర నియర్, అన్నిటికంటే దగ్గర నెక్స్ట్. కాలం గడిచేకొద్దీ నియర్‌లోని కొలత వాళ్ల చెవులకే వినపడకుండా పోయింది. అప్పుడు దానికి ఇంకో 'ఈ-ఆర్' తగిలించి నియరర్ చేశారు. లెస్ అంటేనే తక్కువ. దానిమీద మళ్లీ తగిలించి లెస్సర్ చేశారు. రెండూ మన మోర్ బెటర్ లాంటి డబుల్ కొలతలే. ఇవాళ రెండూ పరీక్ష పేపర్లో రాసినా మార్కులు పోవు.

షేక్‌స్పియర్ కాలంలో ఇలాంటి జంట కొలతలు తప్పు కావు, మాటకి బలం అంతే. ఆయన 'టెంపెస్ట్' నాటకంలో మోర్ బెటర్ అన్న మాటే ఉంది. తర్వాత పద్దెనిమిదో శతాబ్దంలో వ్యాకరణం రాసినవాళ్లు కూర్చుని వీటిని ఏరి పారేశారు. ఇందాకటి జాన్సన్ లెస్సర్‌ని కూడా పామరుల చేతిలో చెడిన మాట అని తిట్టాడు. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ మాత్రం ఒక నిజం ఒప్పుకున్నాడు: లెస్సర్ కంటే వర్సర్ అన్న మాట మోటుగా వినపడటానికి కారణం అది ఎక్కువ వాడుకలో లేకపోవడమే. లెస్సర్ తిట్లు తిని కూడా బతికింది, వర్సర్ బతకలేదు. రెండిటి పుట్టుకలో తేడా లేదు, వాడినవాళ్ల సంఖ్యలో, వాళ్ల హోదాలో ఉంది.

స్పెల్లింగు విషయంలోనూ అంతే. దాన్ కంటే ఇది ఎక్కువ అని చెప్పడానికి వాడే దాన్, 'అప్పుడు' అని చెప్పే దెన్, ఒకప్పుడు ఒకే మాట. రెండు పనులకి రెండు స్పెల్లింగులు తర్వాత స్థిరపడ్డాయి. మనం కనడం నుంచి పోలిక తెచ్చుకుంటే, వాళ్లు 'ఆ తర్వాత' నుంచి తెచ్చుకున్నారు: ఇది పెద్దది, ఆ తర్వాత అది.

మరి ఇంటర్వ్యూలో ఏం చేయాలి?

కారణం తెలిసింది కదా అని ఇంటర్వ్యూకి వెళ్లి మోర్ బెటర్ అనమని నేను చెప్పట్లేదు. అక్కడ కూర్చున్నవాళ్లకి షేక్‌స్పియర్‌తో పనిలేదు, పాఠ్యపుస్తకం ఇంగ్లీషుతోనే పని. కానీ కారణం తెలిస్తే సరిదిద్దుకోవడం తేలిక. 'మోర్ వాడొద్దు' అని బట్టీ పడితే నోటికి అలవాటైన ఇంకా ఎక్కడికి పోతుంది? దానికి ఒక దారి చూపించాలి. మనసులో 'ఇంకా బెటర్' అని వస్తే ఇంగ్లీషులో 'ఈవెన్ బెటర్' అనండి. 'చాలా బెటర్' అని వస్తే 'మచ్ బెటర్' అనండి. 'కొంచెం బెటర్' అయితే 'ఎ బిట్ బెటర్'. తెలుగులో మీరు వాడే ప్రతి కొలతకీ అక్కడ ఒక జోడీ ఉంది, ఆ జోడీ మోర్ మాత్రం కాదు. మోర్‌ని బ్యూటిఫుల్, డిఫికల్ట్ లాంటి పొడుగు మాటల కోసం దాచిపెట్టుకోండి.

నా బెంచ్‌మేట్‌కి ఈ మూడు జోడీలూ క్యాంటీన్‌లో టీ తాగే లోపల పట్టుబడ్డాయి. వాడికి పట్టనిదల్లా ఆ నవ్వు. "తప్పు చెప్పు, దిద్దుకుంటాను. నవ్వితే ఏం దిద్దుకోవాలి?" అన్నాడు. దానికి నా దగ్గర వ్యాకరణం లేదు. పక్కవాడు తడబడినప్పుడు వాడి వెనక ఇంకో భాష నిలబడి ఉందని గుర్తుపెట్టుకుంటే నవ్వు కొంచెం ఆగుతుందేమో. అత్యుత్తమకి చప్పట్లు కొట్టే మనకి మోర్ బెటర్‌కి నవ్వే హక్కు ఎంతుందో కూడా ఆలోచించుకోవాలి.

చివరిగా ఒక పని. మీ ఊళ్లో పోలిక చెప్పడానికి కంటే అంటారా, కన్నా అంటారా, మా నందిగామ, జగ్గయ్యపేట వైపు లాగా మీద కూడా వాడతారా? నయం బదులు ఇంకేమన్నా మాట ఉందా? ఇంట్లో పెద్దవాళ్లని అడిగి, ఊరి పేరుతో సహా ఒక వాక్యం రాసి క్లబ్బుకి పంపండి. వచ్చినవన్నీ జిల్లాలవారీగా పేర్చి వచ్చే సంచికలో వేద్దాం. ఒక్క వాక్యం అయినా చాలు. రెండు పంపితే ఇంకా నయం.